పన్ను సున్నా, కోత పది శాతం: ఫ్రీలాన్సర్ల టీడీఎస్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

హైదరాబాద్‌లో పనిచేసే ఒక సినిమా ఎడిటర్ సంగతే తీసుకుందాం. ఆయన ఏ సంస్థలోనూ ఉద్యోగి కాదు. ఏడాదిలో నాలుగైదు నిర్మాణ సంస్థలకు పనిచేసి మొత్తం 12 లక్షల రూపాయలకు బిల్లులు ఇచ్చారనుకుందాం. ప్రతి సంస్థా బిల్లులో పదో వంతు పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆయన పేరు మీద ప్రభుత్వానికి చేరేది 1,20,000 రూపాయలు. ఆయనకు వేరే ఆదాయం లేకపోతే, చట్టం ఇచ్చిన అంచనా పద్ధతిలో రిటర్న్ వేస్తే, కట్టాల్సిన ఆదాయపు పన్ను మాత్రం సున్నా.

అదే నగరంలో అదే 12 లక్షలు జీతంగా తీసుకునే ఉద్యోగికి ఈ ఇబ్బంది లేదు. యాజమాన్యం ఆయన ఏడాది ఆదాయాన్ని ముందే అంచనా వేసి, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి, కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు పన్ను పడదు కనుక ఒక్క రూపాయి కూడా పట్టుకోదు. ఇద్దరి సంపాదనా ఒకటే, కట్టాల్సిన పన్నూ ఒకటే. తేడా అంతా డబ్బు చేతికి ఎప్పుడు వస్తుందన్న దగ్గరే ఉంది. జీతగాడి విషయంలో లెక్క చూసి కోత వేస్తారు. సొంతంగా పనిచేసుకునేవారి విషయంలో ముందు కోత వేసి, లెక్క తర్వాత చూస్తారు.

మూలం వద్ద పన్ను కోత, అంటే టీడీఎస్, ఎందుకు పెట్టారన్నది అర్థమయ్యే విషయమే. జీతాల్లా కాకుండా కాంట్రాక్టు చెల్లింపులు వందల చోట్ల నుంచి వస్తాయి. వాటి జాడ ప్రభుత్వానికి దొరకాలంటే చెల్లించేవారి చేతే చెప్పించాలి. ఆ జాడ కోసం పెట్టిన పద్ధతి క్రమంగా, పన్ను పడని వారి దగ్గర నుంచి తీసుకునే వడ్డీ లేని అప్పుగా మారిందన్నదే ఇక్కడి సమస్య.

ఎవరికి ఎంత?

కాంట్రాక్టర్ల చెల్లింపుల మీద కోత 1972 నుంచి ఉంది. 1961 నాటి చట్టంలో అది సెక్షన్ 194సీ. వృత్తి నిపుణుల ఫీజుల మీద కోతను 1995 జులైలో సెక్షన్ 194జే కింద తెచ్చారు. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా ఉన్న 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్లన్నిటినీ సెక్షన్ 393లోని పట్టికల్లోకి చేర్చారు. బిల్లుల మీదా, అకౌంటెంట్ల నోటా ఇంకా పాత నంబర్లే వినబడుతున్నాయి కనుక ఇక్కడా వాటినే వాడుకుందాం.

194సీ కింద పని కాంట్రాక్టులకు, కూలీల సరఫరాకు, రవాణాకు, ప్రకటనలకు వ్యక్తులైతే 1 శాతం, కంపెనీలు, భాగస్వామ్య సంస్థలైతే 2 శాతం కోత ఉంటుంది. ఒక్క చెల్లింపు 30 వేలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా ఇది వర్తిస్తుంది. 194జే కింద వృత్తి సేవలకు 10 శాతం, సాంకేతిక సేవలకు 2 శాతం. ఇక్కడ పరిమితి ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి 50 వేలు. 2025 ఏప్రిల్ వరకు అది 30 వేలే. పరిమితి దాటితే దాటిన భాగం మీద కాదు, మొత్తం మీద కోత పడుతుంది.

వృత్తి సేవలంటే వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు మాత్రమే కాదు. 1977 నాటి నోటిఫికేషన్ ప్రకారం సినీ కళాకారులూ ఆ జాబితాలో ఉన్నారు. నటులతోపాటు కెమెరామన్, ఎడిటర్, డైలాగ్ రైటర్, పాటల రచయిత, నృత్య దర్శకుడు, దుస్తుల డిజైనర్, చివరకు అసిస్టెంట్ డైరెక్టర్ కూడా ఈ నిర్వచనంలోకి వస్తారు. కోట్లలో పారితోషికం అందుకునే హీరోకూ, సినిమాకు లక్షన్నర తీసుకునే అసిస్టెంట్ డైరెక్టర్‌కూ కోత రేటు ఒకటే, 10 శాతం.

2007లో పెట్టిన రేటు

194జే మొదలైనప్పుడు రేటు 5 శాతం. 2007 జూన్ 1 నుంచి దాన్ని 10 శాతం చేశారు. ఆ ఏడాది పన్ను స్లాబులు ఎలా ఉన్నాయో గుర్తు చేసుకుంటే ఆ రేటుకు కొంత అర్థం కనిపిస్తుంది. 1,10,000 దాటగానే పన్ను మొదలయ్యేది. రెండున్నర లక్షలు దాటిన ఆదాయం మీద 30 శాతం పడేది. వసూళ్లలో సగం ఆదాయంగా మిగులుతుందనుకుంటే, అప్పట్లో ఏడాదికి 10 లక్షలకు కాస్త తక్కువ వసూలు చేసిన నిపుణుడికి 10 శాతం కోతా, కట్టాల్సిన పన్నూ ఇంచుమించు సమానమయ్యేవి.

ఆ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. మొదటిది 2016-17 నుంచి వచ్చిన సెక్షన్ 44ఏడీఏ. చిన్న వృత్తి నిపుణులు ఖర్చుల పుస్తకాలు చూపక్కర్లేకుండా, వసూళ్లలో సగాన్ని ఆదాయంగా ప్రకటించి పన్ను కట్టే వీలు అది ఇచ్చింది. మొదట 50 లక్షల వసూళ్ల వరకే ఉన్న ఈ సదుపాయం, నగదు వసూళ్లు 5 శాతానికి మించకపోతే ఇప్పుడు 75 లక్షల వరకు వర్తిస్తుంది. రెండోది 2025-26 నుంచి అమలైన కొత్త స్లాబులు: 4 లక్షల వరకు పన్ను లేదు, 30 శాతం రేటు 24 లక్షలు దాటాకే మొదలవుతుంది, మొత్తం ఆదాయం 12 లక్షలకు మించకపోతే రిబేటుతో పన్ను సున్నా అవుతుంది.

ఈ రెండిటినీ కలిపి చూస్తే లెక్క ఇలా తేలుతుంది. వసూళ్లు 24 లక్షలైతే అంచనా ఆదాయం 12 లక్షలు, పన్ను సున్నా. కోత మాత్రం 2,40,000. వసూళ్లు 50 లక్షలైతే ఆదాయం 25 లక్షలు, సెస్సుతో కలిపి పన్ను 3,43,200. కోత 5 లక్షలు. గరిష్ఠ పరిమితి అయిన 75 లక్షల దగ్గర ఆదాయం 37.5 లక్షలు, పన్ను 7,33,200, కోత 7,50,000. అంటే వసూళ్లన్నీ 194జే కిందే వచ్చి, వేరే ఆదాయం లేకుండా, సగాన్నే ఆదాయంగా ప్రకటించే నిపుణుడికి ఈ పథకంలోని ఏ మెట్టు దగ్గర చూసినా కోసేది కట్టాల్సినదానికన్నా ఎక్కువే. రెండూ సమానం కావాలంటే వసూళ్లు 78 లక్షలకు చేరాలి. అప్పటికి ఆ వ్యక్తి పథకం పరిధిలోనే ఉండరు.

2007లో 10 లక్షల దగ్గర కలిసిన లెక్క ఇప్పుడు 78 లక్షల దగ్గర కలుస్తోంది. స్లాబులు జరిగాయి, పథకం వచ్చింది, కోత రేటు మాత్రం ఉన్నచోటే ఉంది.

దీనికి రెండో వైపూ ఉంది. జీతంతోపాటు పక్కన ఫీజులు తీసుకునేవారికీ, అద్దెలు, వడ్డీలు వచ్చేవారికీ, ఖర్చు తక్కువై సగానికన్నా ఎక్కువ ఆదాయం ప్రకటించేవారికీ ఈ లెక్క వర్తించదు. కోట్లలో ఫీజులు తీసుకునే పెద్ద న్యాయవాదికో నటుడికో 10 శాతం తక్కువే అవుతుంది. అయితే అది ఒకే రేటు అందరికీ సరిపోదన్న మాటకే బలమిస్తుంది. పెద్దవారు మిగతా పన్నును వాయిదాల్లో అడ్వాన్సుగా కడతారు. చిన్నవారు తమకు రావాల్సిన డబ్బు కోసం ఎదురుచూస్తారు.

ఇందులో మరో వైరుధ్యం ఉంది. 44ఏడీఏ కింద ఉన్నవారు అడ్వాన్సు పన్నును నాలుగు వాయిదాల్లో కట్టక్కర్లేదు, మార్చి 15లోపు ఒకేసారి కడితే చాలని చట్టమే చెబుతోంది. చిన్నవారికి ఏడాది మధ్యలో డబ్బు చేతిలో ఆడాలన్నదే ఆ వెసులుబాటు ఉద్దేశం. ఆ చేత్తో ఇచ్చిన వెసులుబాటును టీడీఎస్ ప్రతి బిల్లు దగ్గరా ఈ చేత్తో తీసేసుకుంటోంది.

అర్ధ రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ

ఎక్కువ పట్టుకున్నది ఎలాగూ రిఫండ్‌గా వస్తుంది కదా అన్నది సాధారణంగా వినిపించే సమాధానం. వస్తుంది. ఎప్పుడు, ఎంత వడ్డీతో అన్నదే ప్రశ్న.

రిఫండ్ మీద ప్రభుత్వం ఇచ్చే వడ్డీ నెలకు అర శాతం. మన వాడుకలో చెప్పాలంటే నూటికి అర్ధ రూపాయి వడ్డీ. గడువులోపు రిటర్న్ వేసినా ఆ వడ్డీ లెక్క ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఏప్రిల్ 1 నుంచే మొదలవుతుంది. ఒక ఏప్రిల్‌లో కోసిన పదివేలు మరుసటి ఏడాది సెప్టెంబరులో తిరిగి వచ్చాయనుకుంటే, డబ్బు బయట ఉన్నది 17 నెలలు. వడ్డీ వచ్చేది చివరి ఐదారు నెలలకే. పైగా ఆ వడ్డీ కూడా పన్ను పడే ఆదాయమే.

అదే చెల్లించే సంస్థ పన్ను కోసి గడువులోపు జమ చేయకపోతే ప్రభుత్వం వసూలు చేసేది నెలకు ఒకటిన్నర శాతం, రూపాయిన్నర వడ్డీ. కోయడమే మరచిపోతే రూపాయి వడ్డీ. తనకు రావాల్సినదానికీ తాను ఇవ్వాల్సినదానికీ ప్రభుత్వం వేసే వడ్డీలో మూడింతల తేడా ఉంది.

మన ఎడిటర్ లెక్కకే వద్దాం. 1,20,000కు ఆరు నెలల ప్రభుత్వ వడ్డీ 3,600. ఆ లోటు పూడ్చుకోవడానికి బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుంటే అదే ఆరు నెలలకు 14,400 కట్టాలి. పన్ను పడని మనిషికి పన్ను పద్ధతి వల్ల పడే ఖర్చు ఇది.

ఈ కోతకు నగదుతో ఉన్న సంబంధం ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. కోవిడ్ సమయంలో, 2020 మే 14 నుంచి 2021 మార్చి 31 వరకు, జీతాలు కాని చెల్లింపుల మీద టీడీఎస్ రేట్లను నాలుగో వంతు తగ్గించి 10 శాతాన్ని 7.5 శాతం చేసినప్పుడు, దానివల్ల జనం చేతుల్లో 50 వేల కోట్ల రూపాయలు మిగులుతాయని కేంద్రమే ప్రకటించింది.

అనుమానం వస్తే పెద్ద రేటే

బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ వచ్చేవారికి ఒక సులువైన దారి ఉంది. పన్ను పడేంత ఆదాయం లేదని 15జీ లేదా 15హెచ్ ఫారం ఇస్తే బ్యాంకు కోత వేయదు. కాంట్రాక్టు చెల్లింపులకూ, వృత్తి ఫీజులకూ ఆ ఫారాలు చెల్లవు. వీరికి ఉన్నది ఒక్కటే మార్గం: సెక్షన్ 197 కింద ఫారం 13తో దరఖాస్తు చేసి, పాత రిటర్నులు, ఈ ఏడాది అంచనాలు చూపి, అధికారి నుంచి తక్కువ కోతకో, కోత లేకుండానో సర్టిఫికెట్ తెచ్చుకోవడం. ఆ సర్టిఫికెట్‌ను ఏటా కొత్తగా తెచ్చుకోవాలి. ఏ సంస్థ ఎప్పుడు పని ఇస్తుందో ముందే తెలియని ఫ్రీలాన్సర్‌కు ఇది కాగితం మీది హక్కుగానే మిగిలిపోతోంది.

చెల్లించే సంస్థ వైపు నుంచి చూస్తే మరో చిక్కు కనిపిస్తుంది. ఒక పని 1 శాతం కాంట్రాక్టా, 2 శాతం సాంకేతిక సేవా, 10 శాతం వృత్తి సేవా అన్న సందేహం తరచుగా వస్తుంది. తక్కువ కోసి పొరబడితే వడ్డీ కట్టాలి, ఆ ఖర్చులో 30 శాతాన్ని లాభనష్టాల లెక్కలో ఒప్పుకోరు, నోటీసులకు జవాబు చెప్పుకోవాలి. ఎక్కువ కోసి పొరబడితే సంస్థకు పోయేదేమీ లేదు, ఎందుకంటే ఆ డబ్బు వేరొకరిది. కనుక ఏ అకౌంట్స్ విభాగమైనా సందేహం వచ్చినప్పుడు పెద్ద రేటు వైపే మొగ్గుతుంది. ఆసుపత్రుల్లో కన్సల్టెంట్ వైద్యులు ఉద్యోగులా, సొంతంగా పనిచేసే నిపుణులా అన్న వివాదం హైదరాబాద్‌తోసహా దేశంలో పలుచోట్ల ట్రైబ్యునళ్ల వరకు వెళ్లింది.

1 శాతం దగ్గరా అంతా సాఫీగా లేదు. కూలీలను తెచ్చి పని చేయించే మేస్త్రికి ఒక నిర్మాణ సంస్థ ఏడాదిలో 30 లక్షలు ఇచ్చి, అందులో 27 లక్షలు కూలీలకే పోయాయనుకుందాం. కూలి డబ్బుతో కలిపి మొత్తం మీద 1 శాతం, అంటే 30 వేలు కోస్తారు. మిగులు మూడు లక్షల మీద పన్ను పడకపోయినా, కోత 25 వేలకు చేరింది కనుక రిటర్న్ వేయడం తప్పనిసరి. ఇక ఆయన పాన్ కార్డు ఆధార్‌తో జతకాక పనిచేయకుండా పోయి ఉంటే కోత 1 శాతం కాదు, 20 శాతం. 30 లక్షల మీద 6 లక్షలు. అది ఆయన ఏడాది సంపాదనకు రెట్టింపు.

కోశారు, జమ చేయలేదు

రిఫండ్ ఆలస్యం కన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. సంస్థ బిల్లులో పన్ను కోస్తుంది కానీ ప్రభుత్వానికి కట్టదు, లేదా కట్టినా త్రైమాసిక స్టేట్‌మెంట్‌లో పాన్ నంబరు తప్పు రాస్తుంది. అప్పుడు పనిచేసిన మనిషి 26ఏఎస్ పత్రంలో ఆ మొత్తం కనబడదు. రిటర్నులను పరిశీలించే కంప్యూటర్ వ్యవస్థ 26ఏఎస్‌నే చూస్తుంది. లేని కోతకు క్రెడిట్ అడిగారని లెక్కగట్టి, అంత మేరకు బకాయి నోటీసు పంపుతుంది. ఒకసారి బిల్లులో పోయిన డబ్బునే రెండోసారి అడిగినట్టు.

చట్టం దీన్ని ఒప్పుకోదు. ఒకసారి కోత పడ్డాక ఆ మేరకు పన్నును పనిచేసిన వ్యక్తి నుంచి మళ్లీ అడగరాదని పాత చట్టంలోని సెక్షన్ 205 స్పష్టంగా చెప్పింది. టీడీఎస్ క్రెడిట్లు సరిపోలక జనం పడుతున్న ఇక్కట్లపై ఢిల్లీ హైకోర్టు తానుగా విచారణ చేపట్టి 2013లో పలు ఆదేశాలిచ్చింది. ఇలాంటి బకాయిలను బలవంతంగా వసూలు చేయవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో, మళ్లీ 2016లో అధికారులకు సూచించింది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ జీతంలో కోసి జమ చేయని పన్ను విషయంలో, ఆ బకాయిని తర్వాతి రిఫండ్లలో సర్దుకోవడం కూడా కుదరదని 2023లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది.

అయితే ఆ రక్షణ పొందాలంటే కోత పడిందని రుజువు చేయాల్సింది పనిచేసినవారే. ఉద్యోగికి పే స్లిప్ ఉంటుంది. ఫ్రీలాన్సర్‌కు సంస్థ ఇచ్చే ఫారం 16ఏ, జమ కాని కోతకు అసలు పుట్టనే పుట్టదు. మిగిలేవి తాను ఇచ్చిన బిల్లు, బ్యాంకు ఖాతాలో పడ్డ మొత్తం, ఉంటే ఒక ఈమెయిల్. పనిచేసేవారు ఆ మూడింటినీ దాచుకోవడం, ప్రతి మూడు నెలలకోసారి 26ఏఎస్ తెరిచి చూడటం తప్ప ప్రస్తుతానికి గట్టి రక్షణ మరొకటి లేదు. మార్చి త్రైమాసికం స్టేట్‌మెంట్‌కు గడువు మే 31 కనుక, ఏడాది చివరి కోతలు జూన్‌లో కనబడకపోతే వెంటనే సంస్థను అడగాలి. సంవత్సరం గడిచేకొద్దీ, ముఖ్యంగా సినిమా కోసం పుట్టి సినిమాతో మూతపడే సంస్థల విషయంలో, అడగడానికి మనిషి కూడా దొరకడు.

జాడ చాలుననుకుంటే

మిగతా దేశాలు ఈ చిక్కును వేర్వేరుగా పరిష్కరించుకున్నాయి. బ్రిటన్‌లో నిర్మాణ రంగ సబ్‌కాంట్రాక్టర్లకు 20 శాతం, నమోదు కానివారికి 30 శాతం కోస్తారు. కానీ సామగ్రి ఖర్చును ముందే తీసేస్తారు, పన్ను చరిత్ర బాగున్నవారు అర్హత పొందితే కోతే ఉండదు. అమెరికాలో పన్ను గుర్తింపు సంఖ్య ఇచ్చిన స్థానిక కాంట్రాక్టర్‌కు సాధారణంగా కోత ఉండదు. చెల్లించిన మొత్తాన్ని ప్రభుత్వానికి తెలియజేస్తారు, పన్నును కాంట్రాక్టరే ఏడాదికి నాలుగుసార్లు అంచనా వేసి కడతాడు. 1099 మీద పనిచేసే తెలుగు కన్సల్టెంట్లకు ఇది బాగా తెలిసిన సంగతే.

భారత్ అంత దూరం వెళ్లక్కర్లేదు. కావాల్సిన నమూనా మన చట్టంలోనే ఉంది. ఈ-కామర్స్ వేదికల ద్వారా అమ్మేవారి మీద 2020 అక్టోబరులో 1 శాతంగా మొదలైన కోతను 2024 అక్టోబరు నుంచి 0.1 శాతానికి తగ్గించారు. వెయ్యికి రూపాయి. అది పన్ను వసూలు చేసే రేటు కాదు, జాడ ఉంచే రేటు. కమీషన్ల మీద కోతా అప్పుడే 5 నుంచి 2 శాతానికి దిగింది. పది లేదా అంతకన్నా తక్కువ లారీలున్న రవాణాదారు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కోతే లేదు. చెల్లింపు వివరం మాత్రం స్టేట్‌మెంట్‌లో చేరుతుంది. రిటర్న్ వేయని వారికి రెట్టింపు కోత వేసే సెక్షన్ 206ఏబీని 2025 ఏప్రిల్‌లో తీసేశారు. ఇన్నిచోట్ల సడలించిన ప్రభుత్వం వృత్తి ఫీజుల మీది 10 శాతం జోలికి మాత్రం పోలేదు.

2026 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఈ దిశగా రెండు ప్రతిపాదనలు చేశారు. మానవ వనరుల సరఫరాను స్పష్టంగా కాంట్రాక్టు చెల్లింపుల్లో చేర్చి, 1 లేదా 2 శాతం కోత మాత్రమే ఉండేలా చూడటం ఒకటి. చిన్న పన్నుదారులు అధికారికి దరఖాస్తు పెట్టుకోకుండానే, నిబంధనల ఆధారంగా కంప్యూటరే తక్కువ కోత లేదా సున్నా కోత సర్టిఫికెట్ ఇచ్చే పథకం రెండోది.

రెండోది సరిగ్గా అమలైతే మన ఎడిటర్ సమస్య చాలావరకు తీరుతుంది. గత రెండు మూడేళ్ల రిటర్నులు, 26ఏఎస్ వివరాలు, 44ఏడీఏ ఎంపిక, అన్నీ శాఖ దగ్గరే ఉన్నాయి. వాటిని చూసి ఏడాది మొదట్లోనే సర్టిఫికెట్ ఇవ్వడానికి కొత్తగా అడగాల్సిన కాగితం ఏదీ లేదు. అయితే ఆ సర్టిఫికెట్ ఒక్కో సంస్థ పేరున కాకుండా ఒక్కో పాన్ పేరున రావాలి. ఏప్రిల్‌లో ఏ నిర్మాత పిలుస్తాడో ఏ ఎడిటరూ చెప్పలేడు. అలాగే తొలి ఏడాది పనిచేసేవారికి పాత రిటర్నులు ఉండవు కనుక, వారికి 15జీ లాంటి డిక్లరేషన్ సదుపాయమైనా ఇవ్వాలి.

ఇవేవీ పన్ను ఎగ్గొట్టే వీలు ఇచ్చే మార్పులు కావు. చెల్లింపు వివరం పాన్‌తో సహా ప్రభుత్వానికి చేరుతూనే ఉంటుంది. మారేది ఒక్కటే. పన్ను పడని మనిషి తన కష్టార్జితంలో పదో వంతును ఏడాదిపాటు ప్రభుత్వానికి అర్ధ రూపాయి వడ్డీకి, అందులో సగం కాలం అసలు వడ్డీయే లేకుండా, అప్పుగా ఇవ్వాల్సిన పని ఉండదు.